ఎండిన ఆకు రాలదు

నాలుగేళ్ళ కిందట, సంక్రాంతికి ఇంకో పది రోజులుందనగా మా చిన్నాన్న ఫోన్ చేశాడు. "అమ్మీ, ఓపాలి వచ్చి సూసెళ్ళు. మందు కొట్టి తొమ్మిది రోజులయింది. ఆకు రాలదేటి?" అన్నాడు. గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది. నేను విజయనగరంలో ఇంటర్ పిల్లలకు వృక్షశాస్త్రం చెబుతాను. అందుకని మా ఇంట్లో ఏ మొక్కకు ఏం వచ్చినా ఫోన్ నాకే వస్తుంది. ఆదివారం పొద్దున్నే బస్సెక్కాను.

మాది బాడంగి పక్క ఊరు. గరువు నేల, అంటే మెట్ట. నా చిన్నప్పుడు ఆ గరువంతా నార కోసం వేసే గోగు ఉండేది. కోసిన గోగు చెరువులో ఊరేస్తే ఊరు ఊరంతా ఆ వాసనే. జ్యూట్ మిల్లులు కుంటుపడ్డాక గోగును అడిగేవాళ్ళు తగ్గిపోయారు. కొందరు మొక్కజొన్నకు మళ్ళారు, కొందరు నీలగిరి నాటుకున్నారు. చిన్నాన్న పత్తి పట్టుకున్నాడు. రెండెకరాలు. దాని మీదే ఇద్దరు పిల్లల్ని చదివించాడు.

చేను గట్టెక్కగానే కాలిన వాసన లాంటిది తగిలింది. ఆకంతా ముదురు గోధుమరంగుకు తిరిగి, అంచులు లోపలికి ముడుచుకుని, కొమ్మ కొమ్మకూ వేలాడుతోంది. ఒక్కటీ కింద పడలేదు. ఆకుల మధ్య పగిలిన కాయలు తెల్లగా ఉన్నాయి. అమ్మ, పిన్ని, ఇంకో నలుగురు ఆడవాళ్ళు సాళ్ళలో దిగి ఉన్నారు. అమ్మ ఒక కాయ మీద చెయ్యి వేసింది. పక్కనున్న ఆకు ఆమె మణికట్టుకు తగిలి అప్పడంలా చితికిపోయింది. ఆ పొడి సగం పత్తి మీద పడింది, సగం ఆమె చెమటకు అంటుకుంది. అమ్మ పత్తిని ఊది చూసింది, వేళ్ళతో దులిపింది. పోలేదు. పెద్ద ముక్కలు నాలుగు తీసి పారేసి, మిగతాది అలాగే ఒడిలో వేసుకుంది. ఒక్క కాయకు అంత సేపు పడితే రోజుకు ఎన్ని కిలోలు తీస్తారు? కిలోల లెక్కన కూలి ఇస్తారు మా దగ్గర. ఆ ఆడవాళ్ళకు ఆ పొడి కూలిలో కోత.

ఆకు రాలిపోతే పత్తి ఒకే తీతలో తీసేయవచ్చని చిన్నాన్న అనుకున్నాడు. కానీ ఆయన కొట్టింది ఆకు రాల్చే మందు కాదు, గడ్డి మందు. పారాక్వాట్. దుకాణంలో ఆకు రాలడానికి ఏదైనా ఇమ్మంటే ఇదే ఇచ్చారట. "ఆకు పోతాదని సెప్పాడు" అన్నాడు చిన్నాన్న. ఆకు పోయింది, నిజమే. పోవడం వేరు, రాలడం వేరు అని ఆయనకు ఎవరూ చెప్పలేదు. నేను ఇన్నేళ్ళు పాఠం చెబుతూ ఆ తేడాను మా ఇంటి గడప దాటించలేదే అన్న బాధ అప్పటి నుంచీ ఉంది. ఈ వ్యాసం అందుకే.

ముందుగా మనందరి కళ్ళముందూ ఉన్న సంగతి ఒకటి. పెళ్ళి పందిరికి మామిడి కొమ్మలు కడతాం. పదహారు రోజుల పండగ అయ్యి పందిరి విప్పేనాటికి ఆ ఆకులు ఎలా ఉంటాయి? కరకరలాడేలా ఎండిపోతాయి. ముట్టుకుంటే పొడి అవుతాయి. కానీ కొమ్మను వదలవు. అదే ఫాల్గుణ మాసంలో పెరటి వేపచెట్టు కింద చూడండి, పసుపు తిరిగిన ఆకులు మెత్తగా, ఎక్కడా విరగకుండా, కాడతో సహా రాలి ఉంటాయి. తుపానుకు ఒక కొమ్మ విరిగి ఆ వేపచెట్టుకే వేలాడుతూ ఉంటే, చెట్టు మొత్తం ఆకు రాల్చుకున్నా ఆ విరిగిన కొమ్మ ఆకులు మాత్రం అంటుకునే ఉంటాయి. ఎందుకంటే ఆకు రాలడం అనేది ప్రాణం ఉన్న కణాలు చేసే పని. చచ్చిన కొమ్మలో ఆ పని చేసేవాళ్ళు లేరు.

ఆ పని జరిగే చోటు చాలా చిన్నది. ఆకు కాడ కొమ్మకు అతికే దగ్గర, పక్కన ఉన్న కణాలకంటే చిన్నవిగా ఉండే కొన్ని వరసల కణాలు ఉంటాయి. ఆకు పుట్టినప్పుడే ఆ వరసలు అక్కడ ఏర్పడి ఉంటాయి. కణానికీ కణానికీ మధ్య పెక్టిన్ అనే జిగురు ఉంటుంది. జామకాయ ఉడికించి జెల్లీ చేస్తే గట్టిపడేది దాని వల్లే. ఆకు పచ్చగా పనిచేస్తున్నంత కాలం దాని పత్రదళం (ఆకులోని వెడల్పాటి భాగం) నుంచి ఆక్సిన్ అనే హార్మోను కాడ గుండా కిందికి దిగుతూ ఉంటుంది. అది దిగుతున్నంత సేపూ ఆ వరసల కణాలు కదలవు, ఇథిలీన్ వాయువు చుట్టూ ఉన్నా పెద్దగా పట్టించుకోవు. ఆకు ముదిరి ఆక్సిన్ తగ్గిందా, అప్పుడు ఇథిలీన్ మాట చెల్లుతుంది. ఆ కణాలు సెల్యులేజ్, పాలీగెలక్చురోనేజ్ అనే ఎంజైములు తయారుచేస్తాయి. అవి జిగురును, గోడలను కరిగిస్తాయి. చివరకు సన్నటి నాళాలు రెండు మూడు మాత్రమే ఆకును పట్టుకుని ఉంటాయి. గాలి తగిలితే అవీ తెగుతాయి. కొమ్మ వైపున మిగిలిన కణాలు గాయానికి తడి చొరబడకుండా ఒక పొర కట్టుకుంటాయి. పత్తి కొమ్మ మీద ఆకు రాలిన చోట గుండ్రంగా, పొడిగా కనిపించే మచ్చ అదే.

పండు మగ్గడం కూడా దాదాపు ఇదే పని. అరటి గెలను గోతిలో పెట్టి పొగ వేసి మగ్గబెట్టడం మన పెద్దవాళ్ళకు తెలుసు. ఆ పొగలో ఇథిలీన్ ఉంటుంది. పండును మెత్తబరిచే ఎంజైములు, ఆకును విడదీసే ఎంజైములు ఒక కుటుంబానివే. ఐరోపా నగరాల్లో వీధి దీపాలకు గ్యాసు వాడిన రోజుల్లో, గొట్టం కారిన చోట దగ్గర్లోని చెట్లు వేళకాని వేళ ఆకు రాల్చేవి. ఆ గ్యాసులో మొక్కల మీద పనిచేసేది ఇథిలీనే అని రష్యాలో నెల్యుబోవ్ అనే పరిశోధకుడు 1901లో తేల్చాడు. ఇంకో సంగతి మా పిల్లలకు చెబితే కళ్ళు పెద్దవి చేస్తారు. పాఠ్యపుస్తకంలో ఉండే అబ్సిసిక్ ఆమ్లం మొదట దొరికింది పత్తి పిందెల్లోనే. కాలిఫోర్నియాలోని డేవిస్‌లో ఆడికాట్ బృందం, పత్తి పిందెలు ఎందుకు రాలిపోతున్నాయో వెతుకుతూ 1963లో దాన్ని వేరుచేసింది. రాలడం (అబ్సిషన్) అన్న మాట మీదే దానికి పేరు వచ్చింది. తీరా చూస్తే ఆకు రాలడంలో అసలు పెత్తనం ఇథిలీన్‌దే అని తర్వాత తేలింది. మన చేలో పంట, ప్రపంచానికి ఇంత పాఠం నేర్పింది.

చిన్నాన్న చేను చూసి వచ్చాక నేను కాలేజీ వరండాలో మూడు కుండీల్లో పత్తి గింజలు పెట్టించాను. మొక్కలు ఏడెనిమిది ఆకులు వేశాక ఒక్కో మొక్కలో ఒక్కో ఆకు ఎంచుకున్నాం. మొదటి మొక్కలో పత్రదళాన్ని బ్లేడుతో కోసేసి కాడ మాత్రం ఉంచాం. రెండోదానిలోనూ కోసేశాం, కానీ కాడ కోసిన చోట వాజెలిన్‌లో కలిపిన ప్లానోఫిక్స్ చుక్క పూశాం. ప్లానోఫిక్స్ అంటే ఆక్సిన్ లాంటి మందే. గూడ (మొగ్గ), పూత రాలకుండా పత్తి రైతులు 4.5 లీటర్ల నీటికి ఒక మిల్లీలీటరు కలిపి కొట్టేది అదే. మూడోదానిలో ఆకును కొయ్యలేదు, కాడ మొదట్లో మాత్రం మరుగుతున్న నీళ్ళలో ముంచిన దూది చుట్టి అక్కడి కణాలను చంపేశాం.

ఆరో రోజు పొద్దున ఒక అమ్మాయి స్టాఫ్ రూముకు పరిగెత్తుకొచ్చింది. "మేడమ్, మొదటిది పడిపోయింది!" వెళ్ళి చూస్తే కాడ మట్టిలో పడి ఉంది. రెండోది కోసిన కాడే అయినా పచ్చగా, గట్టిగా నిలబడి ఉంది. ఆక్సిన్ వస్తున్నంత కాలం కొమ్మకు అక్కడ ఆకు లేదన్న సంగతి కూడా తెలియదు. మూడో దాని ఆకు వాడి, ఎండి, నల్లబడి వేలాడింది. సెలవులిచ్చి మళ్ళీ కాలేజీ తెరిచేదాకా వేలాడుతూనే ఉంది. చిన్నాన్న విజయనగరం వచ్చినప్పుడు ఆ కుండీల దగ్గరకు తీసుకెళ్ళాను. మూడో ఆకును వేలితో తాకి, పొడి రాలితే చూసి, చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "మన సేనే" అన్నాడు.

ఇప్పుడు మందుల సంగతి. పత్తి నిజానికి ఏడాది మొక్క కాదు. వదిలేస్తే ఏళ్ళ తరబడి బతికే గుబురు మొక్క. మనం ఏడాదికే కొట్టేస్తాం గాని దానికి ఆ సంగతి తెలియదు. కాయలు పగిలినా, అక్టోబరు, నవంబరులో తుపాను వాన పడి నేల తడిస్తే మళ్ళీ చిగుళ్ళు వేస్తుంది. వరి పండితే తనంతట తానే ఎండుతుంది, పత్తి ఎండదు. అందుకే యంత్రాలతో పత్తి తీసే దేశాల్లో ముందు ఆకు రాల్చాల్సిన అవసరం వచ్చింది. పచ్చి ఆకు యంత్రంలో నలిగితే పత్తికి పచ్చ మరక పడుతుంది. 1930ల చివర అమెరికాలోని దక్షిణ కరోలినాలో కాల్షియం సయనమైడ్ అనే ఎరువు దుమ్ము గాలికి ఎగిరి, మంచు పట్టిన పత్తి ఆకుల మీద పడింది. కొద్ది రోజులకు ఆకు రాలిపోయింది. అలా అనుకోకుండా మొదలైంది ఈ కథ.

ఇప్పుడు వాడే మందులు రెండు దారుల్లో పనిచేస్తాయి. ఒకటి మొక్క హార్మోన్ల దారి. థైడియాజురాన్ అనే మందు ఆకులో ఇథిలీన్ పెంచుతుంది, ఆక్సిన్ దిగే దారికి అడ్డుపడుతుంది. ఆకు పచ్చగా ఉండగానే కాడతో సహా ఊడి పడుతుంది. కొత్త చిగురును కూడా అదే ఆపుతుంది. ఎథెఫాన్ అనేది ఇంకోటి. పుల్లటి ద్రావణంలో ఉన్నంత సేపు చెక్కుచెదరదు, మొక్క కణంలోకి వెళ్ళాక విడిపోయి ఇథిలీన్ అవుతుంది. దాని ముఖ్యమైన పని కాయ పగిలేలా చేయడం, ఆకు రాలడం దాని వెంట వచ్చేది. రెండో దారి గాయం దారి. ట్రైబ్యూఫాస్ లాంటి మందులు ఆకును గాయపరుస్తాయి. గాయపడిన ఆకు తనే ఇథిలీన్ విడుస్తుంది, దానితో రాలుతుంది. ఈ మందు వాసన కుళ్ళిన వెల్లుల్లిలా ఉంటుందంటారు.

దుకాణం మాటలో కాస్త నిజం ఉన్నది ఇక్కడే. గడ్డి మందుకైనా మరీ తక్కువ మోతాదులో ఆకు గాయపడితే రాలవచ్చు. థైడియాజురాన్‌తో కలిపి అమ్మే డైయురాన్ కూడా గడ్డి మందే, చిటికెడు మోతాదులో. కానీ గాయానికీ చావుకూ మధ్య దూరం చాలా తక్కువ. పారాక్వాట్ ఎండ తగిలిన ఆకులో కిరణజన్య సంయోగక్రియ శక్తినే పక్కకు తిప్పి విషపు ఆక్సిజన్‌గా మారుస్తుంది. కొన్ని గంటల్లో కణాల పొరలు పగిలిపోతాయి. రాలడానికి కావలసిన ఎంజైములు తయారవ్వాలంటే రోజులు పట్టాలి. ఆకుకు అన్ని రోజుల ఆయుష్షు మనం ఉంచలేదు. చిన్నాన్న చేలో జరిగింది అదే.

ఇంకో మాట కూడా చెప్పాలి. అమెరికాలో టెక్సస్ ఎత్తు మైదానాల్లో కావాలనే ఆకును ఎండబెట్టే మందులు కొడతారు. అక్కడ యంత్రం కాయకు కాయే గీసుకుపోతుంది, తర్వాత మిల్లులో చెత్త వేరుచేసే పెద్ద పెద్ద యంత్రాలు ఉంటాయి. ఆకు ఎండితే వాళ్ళకు చాలు, రాలకపోయినా సర్దుకుంటారు. అక్కడి లెక్క తెచ్చి, అమ్మ వేళ్ళతో తీసే చేలో పెడితే ఎలా?

చెత్త అంటే ఎంత చిన్నదో తెలియాలంటే పొందూరు వెళ్ళాలి. శ్రీకాకుళం జిల్లాలో ఆ ఊరు సన్నఖాదీకి పేరు. పోయిన వేసవిలో వెళ్ళాను. ఒక పెద్దామె అరుగు మీద కూర్చుని కొండపత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతోంది. ఆ దవడకు చిన్న చిన్న పళ్ళు వరసగా ఉంటాయి. పోగు పోగునూ సాపు చేస్తూ, మధ్యలో దొరికిన నలుసును గోటితో తీసి పక్కన పెడుతోంది. ఆమె తీసి చూపిన నలుసు ఆవగింజలో పావు వంతు కూడా లేదు. "ఇది ఉంటే నూలు తెగుద్ది అమ్మా" అంది. సన్నటి నూలు ఆ ఒక్క నలుసు దగ్గరే తెగుతుంది. మన చేల పత్తికి అంత సేవ చేసేవాళ్ళు లేరు. అది మిల్లులో దెబ్బలు తింటూ, ఆకు పొడి ఇంకా చిన్న పొడి అయ్యి, పోగుల్లోకి ఇంకా లోతుగా దూరుతుంది. కొనేవాడు అది చూసే కోత పెడతాడు. చిన్నాన్నకు ఆ ఏడు క్వింటాకు పెట్టిన కోతలో మందు ఖర్చు, కొట్టిన కూలి రెండూ పోయాయి.

అసలు మా జిల్లాలో ఎకరా, రెండెకరాల రైతుకు ఆకు రాల్చే మందు కావాలా? నా సమాధానం, చేత్తో తీసినంత కాలం అక్కర్లేదు. దీనికి ఎదురు చెప్పేవాళ్ళ బాధ నాకు తెలుసు. పత్తి తీసేవాళ్ళు దొరకడం లేదు. మా ఊళ్ళో కుర్రాళ్ళు సగం మంది వలసల్లోనే ఉన్నారు. ఉన్న ఆడవాళ్ళు ఒకే వారంలో పది చేలకు పోవాలి. ఆకు రాలిపోతే ఒకే తీతలో అయిపోతుంది, మొక్కజొన్నకు నేల ఖాళీ అవుతుంది అనేది చిన్నాన్న ఆలోచన. తప్పు ఆలోచనేం కాదు. కేంద్ర పత్తి పరిశోధన సంస్థ నాగపూర్ నుంచి చెబుతున్న ఒత్తు నాటు పద్ధతిలో, సాలుకు సాలుకు 90 సెంటీమీటర్లు, మొక్కకు మొక్కకు 15 సెంటీమీటర్లు పెట్టి పొట్టిగా పెంచి, ఒకేసారి పగిలేలా చేసి, యంత్రంతో తీసే రోజు వస్తే అప్పుడు థైడియాజురాన్ లాంటిది తప్పదు. అప్పుడు నేనే వెళ్ళి ఎప్పుడు కొట్టాలో చూసి చెబుతాను.

కానీ ఆ "ఎప్పుడు" అన్నదే కష్టం. కాయల్లో కనీసం 60 శాతం పగిలి ఉండాలి. మిగతావి పైకి ఆకుపచ్చగా ఉన్నా లోపల ముదిరి ఉండాలి. ఒక పచ్చికాయను కత్తితో అడ్డంగా కోసి చూడండి. గింజ లోపల జిగురులా ఉంటే ఇంకా పిందే. గింజ పెంకు ముదురు రంగుకు తిరిగి, లోపల బద్దలు ముడతలు పడి నిండి, పోగు కత్తికి సాగుతూ వస్తుంటే ముదిరినట్టు. ముదరని కాయ మీద ఆకు రాల్చేస్తే దానికి తిండి పెట్టే చెయ్యి తెగినట్టే, పోగు పల్చగా, బలం లేకుండా మిగులుతుంది. చలి కూడా చూసుకోవాలి. రాత్రి చలి ముదిరితే థైడియాజురాన్ నెమ్మదిస్తుంది. సాలూరు కొండల వైపు డిసెంబరు చలిలో మందు కొట్టి వారంలో ఆకు రాలలేదని మళ్ళీ కొట్టడం అంటే డబ్బు మట్టిలో పోయడమే. కొట్టాక ఒక రోజు పాటు వాన పడకూడదు. ఇవన్నీ చూసి కొట్టినా, ఒకే తీతలో తీస్తే మొదట పగిలిన మంచి పత్తి, చివర పగిలిన నాసి పత్తి, గుడ్డి పత్తి అన్నీ ఒకే బస్తాలో పడతాయి. మూడు తీతలు తీసేవాళ్ళు మొదటి తీతను విడిగా అమ్ముకుంటారు. 2025-26లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాకు 8,110 రూపాయలు. అది 8 శాతం తేమకు. తేమ పెరిగే కొద్దీ ధర తగ్గుతుంది, 12 దాటితే తీసుకోరు. మంచు ఆరకముందు తీస్తే ఆకు మెత్తగా ఉండి పొడి అవ్వదు, కానీ తేమ పెరుగుతుంది. ఎండెక్కాక తీస్తే తేమ ఉండదు, ఆకు చిట్లుతుంది. ఈ రెండింటి మధ్య ఉన్న రెండు మూడు గంటలను పట్టుకోవడం అమ్మకు తెలుసు. అది ఏ సీసాలోనూ దొరకదు.

ఆకు తనంతట తాను పసుపు తిరగాలంటే చివర్లో యూరియా వెయ్యకపోవడం, బోరు నీళ్ళు వేళకు ఆపడం, తలలు తుంచడం చాలు. చాలామందికి తెలిసినవే.

ఇంకొక సంగతి నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. మా కాలేజీలో ఒక సహోద్యోగి "ఆకు రాల్చే మందంటే వియత్నాంలో చల్లిందేగా?" అన్నారు. అది వేరు. 1961 నుంచి 1971 దాకా అమెరికా సైన్యం అక్కడి అడవుల మీద విమానాల్లోంచి చల్లిన వాటిలో ఏజెంట్ ఆరెంజ్ ముఖ్యం. అది 2,4-డి, 2,4,5-టి అనే రెండు గడ్డి మందుల కలయిక. రెండో దాంట్లో డయాక్సిన్ కలిసి ఉండడం వల్ల జరిగిన ఘోరం తరాల పాటు సాగింది. పత్తి రైతుకు 2,4-డి ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. పక్క పొలంలో కొట్టిన స్ప్రేయరు కడగకుండా పత్తికి వాడితే ఆకు బెండాకులా చీలిపోతుంది, కోలుకోవడం కష్టం. వియత్నాం కంటే మనకు దగ్గరగా ఉన్న పాఠం ఉజ్బెకిస్తాన్‌ది. అక్కడ సోవియట్ కాలంలో చాలా చేలలో పత్తి చేత్తోనే తీయించేవాళ్ళు, బడి పిల్లలతో సహా. ట్రైబ్యూఫాస్‌నే అక్కడ బ్యుటిఫాస్ అనేవారు. పిల్లలు తీసే చేల మీదా, చేల పక్కనున్న ఊళ్ళ మీదా విమానాలతో అది చల్లారు. 1980ల చివర నిషేధించేదాకా సాగింది. యంత్రం తీసే చేలో ఆకు మందు వాడితే ఆ మందు తగిలేది ఇనుముకు. చేత్తో తీసే చేలో తగిలేది చర్మానికి.

మా అమ్మ ఆ రోజు చేలోనే గట్టు మీద కూర్చుని, చేతులు చీరకు తుడుచుకుని చోడంబలి (రాగి అంబలి) తాగింది. మందు కొట్టి తొమ్మిది రోజులు. నేను వెళ్ళడానికి రెండు రోజుల ముందు నుంచీ తీస్తున్నారు. ఏం మందు కొట్టారని ఆ ఆరుగురిలో ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. పారాక్వాట్ గొంతులోకి వెళ్తే విరుగుడు లేదు. మన ఆసుపత్రుల్లో దానితో పోయిన ప్రాణాలు ఉన్నాయి. ఆకు మీద ఎండిన పొడి తాగినంత ప్రమాదం కాదు, నిజమే. కానీ ఆ పొడి కంట్లో పడి, చెమటకు అంటి, చేతి నుంచి అంబలిలోకి వెళ్తుంటే, అది ఏ మందో తెలుసుకునే హక్కు తీసేవాళ్ళకు లేదా? కూలి మాట్లాడుకునేటప్పుడు కిలోకి ఎంతో చెబుతాం. మందు సంగతి ఎందుకు చెప్పం? నా మటుకు నాకు, రైతుకు వచ్చిన నష్టం కంటే ఇదే పెద్ద తప్పు. చేసింది మా ఇంటి మనిషే కాబట్టి ఇంకా గట్టిగా అంటున్నాను. చిన్నాన్నకు ఈ మాట ముఖం మీదే చెప్పాను. ఆయన కాదనలేదు.

ఆ మరుసటి ఏడు డిసెంబరులో చిన్నాన్న మళ్ళీ దుకాణానికి వెళ్ళాడు. ఈసారి నేను పక్కన ఉన్నాను. "ఇది ఆకును రాలుస్తాదా, ఎండబెడతాదా?" అని అడిగాడు. కౌంటర్ వెనక కుర్రాడు సీసా తిప్పి చూశాడు. కాగితం మీద తెలుగు అక్షరాలు చీమల్లా ఉన్నాయి. "రెండూ ఒకటే కదా" అన్నాడు. చిన్నాన్న సీసా బల్ల మీద పెట్టేసి బయటికి వచ్చాడు. ఆ ఏడు ఏ ఆకు మందూ కొట్టలేదు, నీళ్ళు పదిహేను రోజుల ముందే ఆపాడు. మూడో తీతకు అమ్మతో పాటు నేనూ దిగాను. కింది కొమ్మల ఆకు పసుపు తిరిగి ఉంది. అమ్మ ఒక ఆకు కాడ మీద బొటనవేలు ఆనించింది, అంతే, టిక్కుమని ఊడి చేతిలోకి వచ్చింది. కాడతో, ఈనెలతో, ఒక్క ముక్క చిట్లకుండా. కొమ్మ మీద చిన్న గుండ్రటి మచ్చ మిగిలింది.

ఆ ఏడే చిన్నాన్న ఇంకో పని మొదలుపెట్టాడు. ఏ మందు కొట్టినా, పురుగు మందైనా సరే, మందు పేరు, కొట్టిన తేదీ, ఎన్ని రోజుల దాకా చేలో దిగకూడదో బోరు షెడ్డు గోడ మీద సుద్దతో రాస్తాడు. అక్షరాలు వంకరగా ఉంటాయి, కానీ పెద్దవి. పోయిన నెల వెళ్ళినప్పుడు చూశాను. పత్తి తీయడానికి కొత్తగా వచ్చిన ఒకామెకు చదువు రాదు. గోడ దగ్గర ఆగి, "ఏటి రాసుందప్పా?" అని అమ్మను అడిగింది. అమ్మ చదివి వినిపించింది. ఆమె వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకుని, తలకు తువ్వాలు బిగించి సాల్లోకి దిగింది.